కప్పు కింద పద్దు

ఇల్లు కట్టి చూడమన్నవాళ్ళు
అద్దెకిచ్చి చూడమనడం మరిచారు.

డండీలో, మూడో అంతస్తులో
ఒకే ఒక్క ఫ్లాటు ఇష్బెల్‌ది.
ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి కొన్న రెండు గదులు.
పెన్షను చాలని నెలకి ఊతకర్ర అనుకుంది.

ఇప్పుడు చిట్టా విప్పితే
బ్యాంకు వడ్డీ, బీమా, బాయిలర్ తనిఖీ,
అన్నిటి మీదా కప్పు.
పలకరాళ్ళు జారిపోయాయి.
ఏడు వాటాలవాళ్ళు సంతకం పెట్టారు,
ఎనిమిదోవాడు స్పెయిన్‌లో ఉన్నాడు, ఫోనెత్తడు.
కప్పు ఎనిమిది మందిది,
కారేది ఒక్క గదిలోనే.

అద్దె పెంచాలా? నలభై పౌండ్లా, అరవయ్యా?
ఖాళీ చేసి పోతే రెండు నెలలు ఎవరు పూడుస్తారు?
కాగితం రాసి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని
మెట్లెక్కింది.

సెనైత్ తలుపు తీసింది.
ఆసుపత్రి లాండ్రీ నుంచి అప్పుడే వచ్చిన చేతులు,
ఇంకా సబ్బు వాసన.
మాట్లాడకుండా స్కూలు నోటుబుక్కొకటి తెచ్చి ఇచ్చింది.

నవంబరు తొమ్మిది, అర బకెట్టు.
నవంబరు ఇరవై మూడు, బకెట్టున్నర.
పాప మంచం కిటికీ వైపు జరిపాం.
జనవరి నాలుగు, రాత్రి రెండుసార్లు లేచాను.

మూడు శీతాకాలాలు. కుదురైన దస్తూరి.
ఎక్కడా ఒక్క తిట్టు లేదు.

ఇష్బెల్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదట్నుంచి చదివింది.
తన చిట్టాలో ఈ పద్దు లేదు.

పెన్ను అడిగి, ఆఖరి గీత కింద రాసింది:
ఎనిమిదో వాటా నేను కడతాను.
కాసేపాగి, ఇంకొంచెం చిన్న అక్షరాల్లో:
వాడి దగ్గర వసూలు చేసుకుంటాను.

అద్దె సంగతా?
అది జేబులోనే ఉంది,
ఏప్రిల్ దాకా.