పటికనీళ్లు

చిస్తోపోల్‌లో కామా నది ఇంకా గడ్డకట్టే ఉంది.
పడవలు కదలని నెలల్లోనే
పడవవాళ్ల గడియారాలు నా బల్ల మీదికొస్తాయి.
నాయిల్ తెచ్చింది వాళ్ల నాన్నది.
"నడుస్తుంది, ఆగుతుంది, మళ్లీ నడుస్తుంది, ఫిరాయా అపా"
అన్నాడు, ముసలి గుర్రం సంగతి చెప్పినట్టు.

విప్పాను.
చక్రాల్ని అదిమిపట్టే వంతెనకి మూడు స్క్రూలు.
ఒకదానికి తల లేదు.
తల పళ్లచక్రాల మధ్య తప్పతాగినవాడిలా దొర్లుతోంది.
మొండెం ఇత్తడిలో దిగబడి ఉంది,
ఆవగింజలో అరవయ్యోవంతు.
భూతద్దంలో మాత్రం
నూతిలో పడ్డ బిందె.

సూదిమొన సానబట్టి ఎడమకి తోశాను.
మర మరలలేదు.
మళ్లీ తోస్తే సూది జారి
ఇత్తడి మీద వెంట్రుకంత గీత.
ఏ గాడిద బిగించిందో దీన్ని,
లారీ చక్రానికి బిగించినట్టు!

ఇక బలం పని కాదు.
ఉక్కన్నదల్లా ఊడదీశాను. ఒక్క ముక్క మరిచినా అదీ పోతుంది.
సంతలో దోసకాయలు ఊరేసేవాళ్లు కొనే పటిక
వేడినీళ్లలో కరగేసి,
వట్టి ఇత్తడిబిళ్లని జామ్ సీసాలో ముంచి
హీటర్ మీద పెట్టాను.

పటికకి ఇత్తడితో తగువు లేదు.
ఉక్కునే తింటుంది,
పళ్లూడిన మా అత్త రొట్టె తిన్నట్టు, చప్పరిస్తూ.

బొక్కలోంచి ఒక బుడగ.
టీ తాగాను. ఇంకో బుడగ.
పక్కింటి సానియా రెండు ఉల్లిపాయలు అడిగి పట్టుకుపోయింది.
బుడగ.
ఊరికే కూర్చోలేక వెనకమూత తుడవబోయాను.

లోపలివైపు గీతలు,
బాగుచేసినవాళ్లు గీసిపెట్టుకునే గుర్తులు.
చివరిది అరచందమామ, కింద
ఫిబ్రవరి, ఎనభై ఏడు.

ఆ చందమామ నాది.

ఎవరిమీద కోపమో ఆ రోజు.
ఫోర్‌మన్ మీదా? ఆగని మంచు మీదా?
జవాబు రాయని ఒకడి మీదా?
ఎంత తవ్వినా దొరకదు.
నేను మరిచిపోయాను,
మణికట్టు తిప్పిన ఆ ఒక్క తిప్పు
ఇన్నేళ్లూ అక్కడే బిగిసి కూర్చుంది.

మూడోనాటికి నీళ్లు తుప్పురంగు.
కడిగి కిటికీకేసి ఎత్తితే
చెక్కుచెదరని మరల నడుమ
ఒక చుక్కంత నది, తెల్లగా.

కొత్త స్క్రూ దించాను.
ఇక చాలని వేలికి తెలిసిన చోట
వేలిమాట విన్నాను.

నాయిల్ నోట్లు లెక్కపెడుతుంటే
"స్క్రూకి వద్దులే" అన్నాను.
ఎందుకని అడగలేదు.
గడియారం చెవికి ఆనించుకుని
తలుపు తెరిచే ఉంచి పోయాడు, వెధవ.
చలంతా లోపలికి.