నలభై ఒకటో ముడి

ఎల్ తాతియోలో తెల్లవారుజామున మైనస్ పన్నెండు.
నేల మాత్రం సలసల కాగుతుంటుంది.
ఎవుఫేమియా పనిరే టికెట్ల గది తాళం తీసి
ముందు కోకా ఆకు బుగ్గన పెట్టుకుంటుంది,
తర్వాత గాజుసీసాల పెట్టె అందుకుంటుంది.

ఆ సీసాలు ఆమెవి కావు.
ఆంతొఫగస్తా నుంచి వచ్చిన చదువుకున్న పిల్ల హసింతా
ఎత్తు పడక, తల పగిలే నొప్పితో
రెండో రోజే కొండ దిగిపోయింది.
పోతూ పోతూ చెప్పింది:
"గుంటలో నీళ్ళతో తడపండి. ఎండనివ్వండి. మళ్ళీ తడపండి.
లెక్క తప్పకండి."

ఎలా తప్పుతుంది?
తడిపినప్పుడల్లా
లామా ఉన్నిదారానికి ఒక ముడి.

సీసా అడుగున ఉన్నది ఒక చక్కెరట, నిలకడ లేనిది,
పట్టుకునే చెయ్యి లేకపోతే తనంత తానే విరిగిపోయేది.
పట్టుకునేది బోరాన్ అంటే ఎవుఫేమియా నవ్వింది.
ఉప్పుమైదానంలో వాళ్ళ నాన్న
ముప్పై ఏళ్ళు తవ్విన తెల్లరాయి అందులోదే,
పాడె ఎక్కేదాకా గోళ్ళ సందుల్లోంచి పోని తెలుపు.
అది ఒకరి చెయ్యి పట్టుకోగలదని
ఆయనకెవరూ చెప్పలేదు.

ఎండితే
పక్కపక్కకు జరిగిన ముక్కలు అంటుకుని పోగవుతాయి.
తడిస్తే ఊడతాయి.
అన్నీ కాదు.

"ఆర్.ఎన్.ఏ. అంటే రాతా అదే, రాసే చెయ్యీ అదే...
పని చేయించే ఆ ఒక్క ఆక్సిజనే... దాన్ని తెంపే కత్తి..."
ఫోన్‌లో హసింతా గొంతు గాలికి తెగుతూ వచ్చింది.
సగమే చేరింది.
మిగతా సగం ఎవుఫేమియా తనే అల్లుకుంది,
కొంత తప్పుగానే.

నలభై ముడులయ్యాక సీసాలు కిందికి వెళ్ళాయి.
నెలకు కబురొచ్చింది:
అన్నీ పొట్టి పోగులే. పొడుగైనదానికి ఎనిమిది పూసలు.
"ఏమీ రాలేదండీ."

ఎవుఫేమియా ఏమీ అనలేదు.
ఆమె ఒళ్ళో చనిపోయిన తమ్ముడి స్వెటర్ విప్పిన ఉన్ని
మేనకోడలికి టోపీ అవుతోంది.
ఎక్కడో ఒక కన్ను తప్పింది. విప్పబోయింది.
వెలుతురుకు ఎత్తి చూసింది.
ఆ వంకర దగ్గరే టోపీ చెవిని బాగా కప్పుతోంది.
ఉంచేసింది.

బయట టూరిస్టులు వేడినీటి గుంటలో గుడ్లు ఉడకబెట్టుకుంటున్నారు.
పెట్టె మూలన ఒక సీసా మిగిలిపోయింది,
అంచున ఎండిన తెల్లటి వలయంతో.
దాని లెక్క ఇప్పుడెవరికీ అక్కర్లేదు.

దారానికి ఇంకో ముడి వేసి
దాన్ని తడిపింది.