పాటు వేళ

లూగో దాటిన దగ్గర్నుంచీ వాన.
వైపర్ల కీచుమోతలో మామయ్య ఆంషో కునుకు,
ఒళ్లో సగం కొరికిన ఎంపనాడా పొట్లం.

"పదింటిదాకానే పాటు. ఆపైన నా పూచీ లేదు"
అంది రాళ్లమీద ఆల్చిప్పలు గీరుతున్న ఎర్మితాస్,
తలెత్తకుండానే.

గుహ ముందు నిలబడ్డాం.
పైన గుండ్రం, కింద సన్నటి చీలిక,
అచ్చం తాళంకప్ప కన్నం.
నలభయ్యేళ్లు ఊరి తాళాలన్నీ విప్పిన మనిషి
కళ్లద్దాలు చొక్కాకి తుడుచుకుని
వంగి, ఒక కన్ను మూసి, తొంగి చూశాడు
అటువైపు ఎవరో బట్టలు మార్చుకుంటున్నట్టు.
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

బొటనవేలితో అంచు తడిమాడు.
"చూశావా ఇరియా, ఎడమ పక్కే అరిగింది.
రోజూ తిప్పే తాళమే ఇలా అరుగుతుంది.
కాపురం ఉన్న ఇల్లన్నమాట."

మడమల మీదికి నీళ్లొచ్చాయి.
ఒక కెరటం మమ్మల్ని తోసుకుని
చీలికలోకి దూరింది.
లోపలెక్కడో, బరువుగా,
టక్కుమంది.

ఎర్మితాస్ ఈల వేస్తోంది, రమ్మని.
బూట్లు చేత్తో పట్టుకుని నడిచాం.
"కారుకి తాళం వేశావా?"
మర్చిపోయానన్నాను.
ఎన్నడూ లేనిది,
ఊరుకున్నాడు.