ఏ కాలు ముందు

ఇరవై ఆరేండ్లు
ఉరుకుతున్న బస్సుల నడిచినదాన్ని.
దేవరకొండ డిపోల అడుగు, ఎవరైనా చెప్తరు,
అండాలు కండక్టర్ కమ్మి పట్టుకోదని.
ఒక చేతుల టిమ్ము, ఒక చేతుల చిల్లర,
డిండి మూలమలుపు కాడ
నిలబడ్డోళ్ళంత ఒక్కదిక్కు ఒరిగిపోతే
నేను మాత్రం నిట్టాడు లెక్క.

ఇప్పుడు చూడు,
కదలని నేల మీద
గోడ పట్టుకుంటున్న.
వంటింట్ల నుంచి వాకిట్లకు పద్నాలుగు అడుగులు.
ఇల్లు నడుస్తున్నది, నేను ఆగిన.

పడ్డది చందంపేట నైటవుట్ల.
ఇదే ఆఖరి మెట్టనుకున్న, ఇంకోటి ఉండె.
చీకట్ల, కంకర మీద,
మోకాలు ఒకదిక్కు, నేను ఒకదిక్కు.
ఎక్స్‌రే చూసి డాక్టరన్నడు:
"పడ్డది ఒక్క రాత్రే గాని అమ్మా,
అరిగింది చానా యేండ్లు."
గుజ్జు లేదంట. బొక్క బొక్కకు రాసుకుంటున్నదంట.
యాడికి పోయింది ఆ గుజ్జంత?
మల్లేపల్లి రోడ్డు గుంతలల్ల
కొంచెం కొంచెం దిగిపోయి ఉంటది,
టికెట్ తీసుకోకుండ.

రెండు నెలలకు వాపు తగ్గింది.
భయం తగ్గలే.
నొప్పి అంటే నొప్పే, దానికి గోలీ ఉన్నది.
కాలు వేసే ముందు కాలును అడుగుడు,
"మోస్తవా?" అని,
దానికేం గోలీ ఉన్నది?
చెప్పుల కాడ నిలబడి
పిల్లను బడికి బతిమాలినట్టు బతిమాలేదాన్ని.

నుస్రత్ వచ్చేది మంగళారం, శుక్రారం.
ఇరవై నాలుగేండ్ల పిల్ల, నోట్ల చూయింగమ్ము.
తువ్వాల మడత మోకాలు కింద పెట్టి
"నొక్కు ఆంటీ, అయిదు లెక్కపెట్టు, వదులు" అనేది.
మోకాలు టక్కుమనేది,
పాత టికెట్ పంచ్ లెక్క.
"చప్పుడు జేసే బండ్లే మన డిపోల నడుస్తయి" అన్న నేను.
ఆ పిల్ల నవ్వలే.
"ఇంకో పది" అన్నది.

మెట్ల కాడికొచ్చేసరికి సూత్రం చెప్పింది:
ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు,
దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు.
చెడ్డది అనకు బిడ్డా, అన్న.
అన్నేండ్లు డ్యూటీ జేసింది,
ఒక్కనాడు సిక్ లీవ్ పెట్టలే.
"సరే, కుడి కాలు" అన్నది.
అప్పటినుంచి అది కుడి కాలే.

గడపకు, కిరాణకు, పోస్టాఫీసు మూలకు,
వారానికో స్టేజీ పెంచిన.
పాలు పోసే కేస్లి ఎదురొచ్చి
"కట్టె పట్టుకోరాదె" అంటే
ఛత్రి పట్టుకున్న, ఎండ లేని నాడు సుత.
వాన పడ్డనాడు మాత్రం బయటికి పోలే.
తడి బండ మీద నాకు నమ్మకం లేదు,
ఇప్పటికీ లేదు.

కార్తీకంల ఒక పొద్దుగాల బస్టాండుకు పోయిన.
కొండమల్లేపల్లి బండి నిలబడి ఉన్నది.
ఫుట్‌బోర్డు ఇంత ఎత్తుంటదా?
ఎంతమంది ముసలోళ్ళను
"జల్ది ఎక్కమ్మా, టైమైతున్నది" అన్న నేను,
రోజుకు ఎన్నిపార్లు!

కమ్మి పట్టుకున్న.
మొదటిపారి.
చల్లగ, ఇనుము వాసనతోటి,
మంది చేతులకు అరిగి నున్నగైన కమ్మి.
ఇన్నేండ్లు దాని పక్కపొంటి నడిచి
అదెట్లుంటదో ఎరుకలేకపాయె.

ఎడమ కాలు. ఎనక కుడి.
కొత్త కండక్టర్ పిల్ల నన్ను గుర్తువట్టలే.
"యాడికి?"
లక్షసార్లు నేనడిగిన మాట,
జవాబు నోటికి రాలే.
"ముందల స్టాపుకు" అన్న.
జీరో టికెట్ చింపి ఇచ్చింది.
మడిచి రవికెల పెట్టుకున్న.

స్టాపొచ్చింది. ఎనకనుంచి ఎవరో నూకుతున్నరు.
ముందట, మేకపిల్లను సంకన పెట్టుకున్న పిలగాడు
మెట్టు మీద జారబోతే
రెక్క పట్టుకొని దించిన.

బస్సు పోయింది.
దుమ్ము కూసున్నది.
మోకాలు నొస్తున్నది, నిజమే.
గాని ఎంత తన్నుకున్నా
ఏ కాలు ముందు పెట్టిన్నో
యాదికొస్తలేదు.