నెత్తికెక్కిన నకారం

లిస్బన్ శివారు, అమదోరలో పొద్దున ఆరు.
పొయ్యిలోంచి తీసిన రొట్టెలు ఇంకా చిటపటలాడుతున్నాయి.
"రెండు పావు" అన్నాను.
దుకాణం గొల్లుమంది.
నేనడిగింది రొట్టెలు కాదట,
రెండు కర్రలట!

దోన ఎతెల్వీన మాత్రం నవ్వలేదు.
పిండంటిన వేలితో నా ముక్కు చూపించి
"ఇక్కణ్ణించి రావాలి" అంది.
గల్లాపెట్టె పక్కన పిండి చల్లి రాసింది:
రోము సిపాయిల నోట 'పానె',
నడుమ నిండైన న.
మిన్యో నది ఒడ్డున ఎవరో తొందరలో దాన్ని మింగేశారు.
చంద్రుడి పేరులోంచీ మింగారు,
అక్కడ మచ్చయినా మిగల్లేదు.
చేతి పేరులో, రొట్టె పేరులో
పోతూ పోతూ ముక్కులో ఊపిరి వదిలింది.
తోలుకాగితం పొదుపు చేసే లేఖకుడెవడో
దాన్ని అచ్చు నెత్తిన కూర్చోబెట్టాడు
చీమంత అలగా.

నాకు అరసున్న గుర్తొచ్చింది.
"రాస్తాం, పలకం" అనేవారు మా మాస్టారు.
వీళ్ళింకా పలుకుతున్నారు.
పాఁవు, అన్నాను.
రొట్టె వచ్చింది.

నా వెనక జందీర, బ్రెజిల్‌లో మీనాస్ కొండల మనిషి.
ఆమెకి లోకంలో ప్రతి వస్తువూ రైలే.
పట్టకారుని చూపించి "ఆ రైలు ఇటివ్వు" అంటుంది.
అచ్చులన్నీ ఎండలో పరిచి మాట్లాడుతుంది.
లిస్బన్ వాళ్ళు వాటిని చలికి జేబుల్లో దాచుకుంటారు.
పట్నమంతా తాళంచెవిని 'షావ్' అన్నా
ఎతెల్వీన తన కొండ ఊరి 'చావె' వదల్లేదు.

బెయిర నుంచి వచ్చిన దెల్ఫిం
బస్సుని 'మషింబోంబు' అంటాడు.
ఆ మాటకి పొగ కూడా ఉంటుంది.
ఇందాక అతనూ నవ్వలేదని
నాకు ఆలస్యంగా తెలిసింది.

"ఎన్‌దావు మాట్లాడాడని మా నాన్నని బళ్ళో
చిల్లుల చెక్కతో అరచేతులు వాచేలా కొట్టారు.
ఓడలోంచి మాకు ముందు దిగింది
నువ్వు తప్పుగా అన్న మాటే.
ముక్కుతో పలికేది తర్వాతెప్పుడో."

జందీర చిల్లర లెక్కపెట్టడం ఆపింది.
ఎతెల్వీన పిండి మీది అక్షరాలు
చెయ్యి అడ్డంగా పెట్టి తుడిచేసింది.

అతను రొట్టె చివర తుంచి నోట్లో వేసుకుని
"మనింగె వేడి" అన్నాడు.
"అదేం మాట?"
"చాలా అని. మా వైపు మాట."
ఆమె పలికింది.
దెల్ఫిం తల అడ్డంగా ఊపి
పొడి రాలే వేలితో ఆమె నోరు చూపించాడు.

బయట మేమెక్కాల్సిన బస్సు,
ఎవరి పేరుతోనో, వెళ్ళిపోయింది.
ఆమె మళ్ళీ తప్పు పలికింది.