మూత ఓరగా

మదబాలో మా వీధికి నీళ్లు మంగళవారం వస్తాయి.
రాత్రి రెండింటికి ముందు పైపు దగ్గుతుంది,
తర్వాత గాలి, తర్వాత తుప్పు,
ఆ తర్వాతే నీళ్లు.
వారమంతా మేడ మీది రెండు ట్యాంకుల మీదే బతకాలి
అత్త వత్ఫా, నేను, నా కూతురు లమార్,
డబ్బాలో పెరుగుతున్న ఒక నిమ్మచెట్టు.

నేను ప్లంబర్ని.
మగవాళ్లు ఇంట్లో లేని వేళ
తలుపులు మాకే తెరుచుకుంటాయి.
ఎన్ని వంటిళ్ల సింకుల కింద వంగి చూశానో!
మోకాలిలా వంగిన గొట్టంలో
అన్నం మెతుకులు, చెవిపోగు, పొడుగాటి వెంట్రుకలు.
నోటితో చెప్పనివన్నీ ఇల్లు
సబ్బునీళ్లతో చెప్పేస్తుంది.

ఆ నీళ్లని వెనక్కి తిప్పాలనుకున్నాను.

శిక్షణలో నేర్పింది ఇంతే:
పీపా నిండా వాడేసిన నీళ్లు,
అందులో అల్యూమినియం రేకులు, మధ్య వేలెడు సందు,
ఒకదానికి ప్లస్సు, పక్కదానికి మైనస్సు.
కరెంటు పారితే ఒక రేకు
తనని తాను కొంచెం కొంచెం కరిగించుకుని
జిడ్డునీ మట్టినీ దగ్గరికి లాక్కుని ముద్ద చేస్తుంది.
రెండోదాని ఒంటి మీంచి సన్నటి బుడగలు లేచి
ఆ ముద్దని పైకి మోసుకొస్తాయి.

రేకులు కొనడానికి డబ్బుల్లేవు.
ఇంట్లో ఉన్న అల్యూమినియమల్లా అత్త డేగిశా.
"నలభై ఏళ్లు పెళ్లిళ్లకీ చావులకీ మాంసం ఉడికింది దీన్లో.
నీ మురికినీళ్లకి ఇమ్మంటావా?"
మూడు వారాలు మా మధ్య మాటల్లేవు.
నాలుగో మంగళవారం నీళ్లే రాలేదు.
బుధవారం ట్యాంకరువాడు చెప్పిన ధర విని
అత్త డేగిశా తెచ్చి నా పనిముట్ల పక్కన దించింది.
ఏమీ అనలేదు.
మూత మాత్రం ఇవ్వలేదు.

కత్తిరించాను. అడుగు మసి నా గోళ్లలోకి వచ్చింది.
సోలారు పలక నుంచి తీగలు కలిపాను.
మీటరు ముల్లు కదల్లేదు.
తీగలు మార్చాను, రేకులు దగ్గరికి జరిపాను,
ముల్లు ఒక గీత లేచి మళ్లీ పడుకుంది.
బట్టలు జాడించిన నీళ్లు, బూడిద రంగులో,
పట్టనట్టు నన్ను చూస్తున్నాయి.

మెట్టు మీద కూర్చున్న అత్త
పీపాలోకి తొంగి చూసి, "చప్పగా ఉన్నట్టున్నాయి" అంది.
నోట పెట్టుకోలేదు, వేలైనా ముంచలేదు.
లోపలికెళ్లి పిడికిలి మూసుకుని వచ్చింది,
నీళ్ల మీద గుండ్రంగా తిప్పుతూ
కొలత లేని కొలతతో ఉప్పు జల్లింది.

ముల్లు ఎగిరి కూర్చుంది!

"చాలు చాలు, నిమ్మచెట్టుకి పడదు" అన్నాను.
"వేసేది నాకు తెలీదా?"

పావుగంటకి నురగ లేచింది, నల్లగా, మందంగా.
నేను పుస్తకం తిరగేస్తుంటే
అత్త కొంగు బిగించి గరిటె అందుకుంది.
మాంసం తొలి పొంగు తీసినట్టే
అంచుల నుంచి మధ్యకి, తొందర లేకుండా.
అడుగున నీళ్లు తేటపడ్డాయి.
రంగు చూసింది, వాసన చూసింది,
మూడో పరీక్ష రుచి, దాన్ని మాత్రం దేవుడికి వదిలేసింది.
"వజూకి వద్దు. చెట్టుకి పొయ్యి, దొడ్డికి పొయ్యి."

రేకులు ఇప్పటికే చిల్లులు పడుతున్నాయి.
ఎండాకాలం దాకా వస్తాయో రావో.
అత్త అడగదు, నేను చెప్పను.

నిన్న చీకటి పడ్డాక మేడెక్కి చూస్తే
పీపా మీద ఆ మూత ఉంది.
"గాలి పోవాలి అత్తా, పూర్తిగా మూయకూడదు."

"కళ్లు పెట్టి చూడు," అంది కింద నుంచి,
"ఓరగానే పెట్టాను."