హెప్సీ నంబరు

గుణదల కొండ మీద మా ఇంటికి డెబ్భై మూడు మెట్లు.
కింద కుళాయి, పైన మేము.
ఆరింటికి నీళ్లొస్తాయి.
ఏడున్నరకి నేను ఆటోనగర్‌లో లేత్ మిషను ముందుండాలి.
మూడు బిందెలు, మూడు విడతలు, పాతిక నిమిషాలు.
ఇదీ నా లెక్క.

హెప్సీకి రెండేళ్ల మీద ఏడు నెలలు.
దానికి లెక్కలు రావు.
"నేనూ" అంటుంది.
ఆ ఒక్క మాటకి
పాతిక నిమిషాలు యాభై అవుతాయి.

మొదట్లో వద్దన్నాను.
ఫోను చేతికిచ్చి గుమ్మంలో కూర్చోబెట్టాను.
తిరిగొచ్చేసరికి ఫోను ఓ మూల,
అది ఖాళీ బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని
మెట్ల అంచున.
స్టెల్లా నన్నేమీ అనలేదు.
అటక మీంచి తన చిన్నప్పటి ఇత్తడి చెంబు దింపి
చింతపండుతో తోమి
కూతురి చేతిలో పెట్టింది.
పావులీటరు పడుతుంది.
"అడిగినప్పుడు ఇవ్వని పని
రేపు నువ్వు చెప్పినా చెయ్యదు."

కుళాయి దగ్గర వరస మనుషులది కాదు, బిందెలది.
ప్లాస్టిక్ బిందె, స్టీలు బిందె, పెయింటు డబ్బా,
చివర్న చెంబు.
మొదటి రోజు హెప్సీ నేరుగా ధార కిందే పెట్టింది,
మస్తాన్‌బీ బకెట్టు పక్కకి నెట్టి మరీ.
మస్తాన్‌బీ నవ్వింది గాని జరగలేదు.
"ఇది నా నంబరమ్మా. నా తర్వాత ఆ అన్నది.
ఆ తర్వాత నీది."
ఏడ్చింది. కొండంతా వినపడేలా ఏడ్చింది.
నేను వంగి చెంబు నింపేయబోతే
మస్తాన్‌బీ కళ్లతోనే ఆగమంది.

నాలుగో రోజుకి
వేలు పెట్టి చూపిస్తూ "నీది... నీది... నాది" అని
గొంతుక్కూర్చుంది.
ఓపికంటే ఇదేనేమో,
గెంతబోయే మోకాళ్లని
రెండు చేతుల్తో పట్టుకు కూర్చోవడం.

ఇక మెట్లు.
నా మిషను మీద వెంట్రుక మందం తేడా వస్తే
షాఫ్టు తుక్కులో పడేస్తారు.
ఇక్కడ పావులీటరులో
పద్నాలుగో మెట్టు కోడిపిల్లకి కొంత,
ముప్ఫయ్యో మెట్టున తన గౌనుకే కొంత.
నలభై ఒకటో మెట్టు నాంచారమ్మది.
ఎండాకాలం బిందె జరిపిన గొడవ.
అప్పట్నించీ మాకు మాటల్లేవు.
తల వంచుకుని ఎక్కేస్తాను నేను.
ఆ సంగతి హెప్సీకి ఎవరూ చెప్పలేదు.
ఆమె గడప పక్క నూనె డబ్బాలో బంతి మొక్క.
రోజూ ఆగుతుంది, పోస్తుంది,
మొక్కకి కాస్త, గడపకి కాస్త.
"చాల్లే, కుళ్లిపోద్ది మొక్క" అంది ఓ రోజు నాంచారమ్మ
లోపల్నించి, గోడతో అన్నట్టు.
"చాల్లే" అంది హెప్సీ కూడా,
కొత్త మాట దొరికిన సంబరంతో.
ఆ పూటంతా అన్నానికీ చాల్లే, స్నానానికీ చాల్లే.

ఇల్లు చేరేసరికి చెంబులో మూడు గుక్కలు.
బిందెలో వంపి, మునివేళ్ల మీద లేచి తొంగి చూసి
"నిండిందా?"
స్టెల్లా ఆ బిందెలోంచే ఒక గ్లాసు ముంచి
నాకిస్తుంది. "హెప్సీ తెచ్చినవి."
నేను మింగేదాకా
నా గొంతు వంకే చూస్తుంది పిల్ల.

సూపర్‌వైజరుకి రెండుసార్లు అబద్ధమాడాను,
రామవరప్పాడు రింగులో ట్రాఫిక్కని.
ఇప్పుడు అయిదున్నరకే దిగుతున్నాం.

మొన్న ఆదివారం నీళ్లు రాలేదు. పైపు పగిలిందట.
కొండంతా ముసుగు తన్ని పడుకుంది.
నేను చెప్పులు వెతుక్కునేలోగా
హెప్సీ చెంబు ఒళ్లో పెట్టుకుని
కూర్చునే ఒక్కో మెట్టూ జారడం మొదలుపెట్టింది.
వెనకే నేను.
ఎండిన కుళాయి కింద చెంబు పెట్టి
మోకాళ్లు పట్టుకుంది.
"లేవే, ఇవాళ రావు."
"నా నంబరు" అంది.

అప్పుడే నాంచారమ్మ దిగింది, చంకలో బిందె.
పైపు సంగతి ఆమెకి తెలుసు,
బోరింగు దాకా పోతోంది.
చెంబుని చూసింది. నన్ను చూసింది.
చంకలో బిందె దించి
చెంబు వెనకాల పెట్టింది.